సోమవారం రాత్రి విన్న బ్యాండ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నింపాదిగా చదివాను. న్యూయార్క్‌లో నేలమాళిగలో ఉన్న జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో సోమవారం బ్యాండ్ విని, జెర్సీ సిటీకి తిరిగొచ్చే రైల్లోనే ఫోన్‌లో రాయడం మొదలుపెట్టానన్నావు. ఆ ఆత్రం నాకు నచ్చింది. అలాంటి రాత్రి తర్వాత నిద్ర పట్టదు, ఎవరో ఒకరికి చెప్పుకుంటే తప్ప తీరదు. అందుకే దీన్ని పక్కన పడేయమనను. తిరగరాయమంటాను.

మొదటి పేజీ అంతా నీ గుండె గురించే ఉంది. గుండె ఝల్లుమంది, ఒళ్లు పులకరించింది, కళ్లు చెమర్చాయి, మాటలు చాలవు. అవన్నీ నిజంగా జరిగినవే అని నాకు తెలుసు. కానీ చదివేవాడు ఆ బేస్‌మెంట్‌లో నీ పక్కన లేడు. నిన్ను కదిలించింది ఏమిటో అతని కళ్లముందు కూడా జరగాలి. మూడో పేజీలో నువ్వే ఆ పని చేశావు, చేసినట్టు నీకు తెలిసినట్టు లేదు. టెనర్ సాక్సొఫోన్ ఆయన లేచి సోలో వాయిస్తున్నాడు. వెనక వరసలో ట్రాంబోన్ మోకాలి మీద ఆనించుకుని కూర్చున్న పెద్దాయన ఒక చోట చటుక్కున తలెత్తి, పక్కనున్నతన్ని చూసి నవ్వాడు. ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకు మాత్రం ఝల్లుమన్నది అక్కడే. ఆ పెద్దాయన ఆ పాటని ఎన్ని సోమవారాల నుంచి వాయిస్తున్నాడో! అయినా ఆ పూట ఆ సోలో ఎటు తిరుగుతుందో ఆయనకీ తెలియదు. తెలియనిదేదో వినపడింది, నవ్వొచ్చింది.

జాజ్ బ్యాండ్‌ని ఎదురుగా కూర్చుని వింటే మనిషి అంతగా ఎందుకు కదిలిపోతాడని నన్ను అడిగితే, ఆ నవ్వునే చూపిస్తాను. అక్కడ 16 మంది ఉంటారు. 5 సాక్సొఫోన్లు, 4 ట్రంపెట్లు, 4 ట్రాంబోన్లు, పియానో, బేస్ అనే మందర స్వరాల పెద్ద తీగ వాద్యం, డ్రమ్స్. వాయించేదాంట్లో కొంత కాగితం మీద ఉంటుంది, కొంత ఆ క్షణానికి వదిలేసి ఉంటుంది. సోలో వాయించేవాడు ఇంకో చుట్టు తిరగొచ్చు, ఇక చాలనుకుని ఆగొచ్చు. డ్రమ్మర్ వెనక నుంచి అతన్ని పైకి తోయొచ్చు, లేదా సింబల్ మీద ఆ ఒక్క చప్పుడే నిలిపి దారి ఇవ్వొచ్చు. మిగతావాళ్లు ఎప్పుడు అందుకోవాలో బ్యాండ్ నడిపేవాడు చేత్తో చెబుతాడు. ఆ చెయ్యి లేచిన మరుక్షణం 13 గొట్టాలు ఒక్కసారిగా అందుకుంటాయి. సీలింగ్ తక్కువగా ఉన్న ఆ గదిలో ఆ శబ్దం నీ ఛాతీకి తగులుతుంది. ఇన్ని నిర్ణయాలు నీ కళ్లముందే జరుగుతున్నాయి. నీ వ్యాసానికి కావలసిన సరుకు ఇదే. ఎవరు ఎవర్ని విన్నారు, విని ఏం చేశారు అనేది రాయి. నీ గుండె సంగతి అదే తెలిసిపోతుంది.

ఇలా చూసి రాసినవాళ్ల వల్లే మనకి మిగిలిన రాత్రి ఒకటుంది. 1956 జూలై 7, రోడ్ ఐలండ్‌లో న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్. పెద్ద బ్యాండ్ల కాలం అయిపోయిందని చాలామంది అనుకుంటున్న రోజులు. పేరున్న జాజ్ బ్యాండ్ నాయకుడు, స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్‌కి కూడా గడ్డుకాలమే. ఆయన బ్యాండ్‌కి అసలు వంతు వచ్చేసరికి అర్ధరాత్రి కావస్తోంది, జనంలో కొందరు లేచి వెళ్లిపోతున్నారు. ఎలింగ్టన్ 1937లో తాను రాసిన రెండు బ్లూస్ ముక్కలు తీశాడు. ఆ రెంటికీ మధ్యన పాల్ గొన్సాల్వెస్ టెనర్ సాక్సొఫోన్‌తో ముందుకొచ్చాడు. బార్ అంటే నాలుగు దెబ్బల కొలత. బ్లూస్‌లో 12 బార్లకి ఒక చుట్టు, దాన్ని కోరస్ అంటారు. గొన్సాల్వెస్ 27 కోరస్‌లు వరసగా వాయించాడు. వెనక ఉన్నది పియానో, బేస్, డ్రమ్స్ మాత్రమే. కొన్ని చుట్లు తిరిగేసరికి నల్ల గౌను వేసుకున్న ఒకావిడ లేచి డాన్స్ మొదలుపెట్టింది. స్టేజీ దగ్గర, ఒకప్పుడు కౌంట్ బేసీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించిన జో జోన్స్, చుట్టిన న్యూస్‌పేపర్‌తో స్టేజీ అంచు మీద దరువేస్తూ బ్యాండ్‌ని ఎగదోస్తున్నాడు. వెళ్లబోయినవాళ్లు వెనక్కొచ్చారు, జనం కుర్చీలెక్కారు. అల్లరి శ్రుతి మించుతుందేమోనని నిర్వాహకులకి టెన్షన్ పట్టుకుంది.

ఆ రాత్రి రికార్డింగ్ కూడా జరిగింది. అయితే గొన్సాల్వెస్ రికార్డు కంపెనీ మైకు వదిలేసి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు నిలబడి వాయించాడు. అందుకే అప్పట్లో వచ్చిన రికార్డులో ఆ సోలో ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది. ఆ రేడియో టేపు దొరికాక, రెంటినీ కలిపి 1999లో మళ్లీ విడుదల చేసేవరకూ జనం విన్నది ఆ దూరపు సోలోనే. ఆలోచించు, అన్నేళ్లపాటు ఆ రాత్రి వేడి జనానికి ఎలా అందింది? ఆ చుట్టిన పేపరు, ఆ నల్ల గౌను వల్ల. మైకుకి చిక్కనిది పక్కనుండి చూసినవాళ్లకి చిక్కింది. నువ్వు చేయాల్సింది ఆ పనే. వాన్‌గార్డ్‌లో ఫోన్ తీసి రికార్డు చేయనివ్వరని విసుక్కున్నావు. రాసేవాడికి అంతకన్నా మేలు లేదని నేనంటాను.

అలాగని ప్రతి గొప్ప రాత్రీ జనం కుర్చీలెక్కే రాత్రి కాదు. ఇదే వాన్‌గార్డ్‌లో 1961 జూన్ 25, ఆదివారం నాడు బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం వాయించింది. ఆయన పియానో, స్కాట్ లఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. ఆ రికార్డింగ్ విను. గ్లాసుల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో నవ్వుతారు, ఎవరో కబుర్లాడుకుంటూనే ఉంటారు. అంత సంగీతం జరుగుతుంటే ఆ గదిలో లోకం తన మానాన తను నడుస్తోంది. తర్వాత పదకొండు రోజులకే లఫారో కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లవాడు. ఈ సంగతి తెలిశాక వింటే ఆ బేస్‌లో మనకి ఏవేవో వినిపిస్తాయి. ఆ రోజు టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకి మాత్రం అది మామూలు ఆదివారం. నీ వ్యాసంలో ప్రేక్షకులంతా మంత్రముగ్ధులైపోయారని రాశావు. అందరూనా? బిల్లు గురించి సైగలు చేసుకున్నవాళ్లు లేరా? పక్క టేబుల్ దగ్గర టూరిస్టుకి కునుకు పట్టలేదా? గదిని ఉన్నదున్నట్టు రాయి. సంగీతం దానికేమీ చిన్నబోదు.

నీకు బాగా ఇష్టమైనట్టున్న సంగతి ఇంకోటి ఉంది, ఆ బ్యాండ్ చరిత్ర. దానికి ఏకంగా ఒక పేజీ ఇచ్చావు. నేనైతే నాలుగు వాక్యాలతో సరిపెడతాను. థాడ్ జోన్స్, మెల్ లూయిస్ కలిసి పెట్టిన బ్యాండ్ 1966 ఫిబ్రవరిలో ఈ గదిలో సోమవారాలు వాయించడం మొదలుపెట్టింది. పగలు స్టూడియోల్లో పనిచేసుకునే వాద్యకారులకి సోమవారం రాత్రి ఖాళీ. 1970ల చివర్లో థాడ్ జోన్స్ కోపెన్‌హాగన్ వెళ్లిపోయాడు, 1990లో మెల్ లూయిస్ పోయాడు, అయినా బ్యాండ్ వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా పేరుతో అక్కడే వాయిస్తోంది. థాడ్ జోన్స్ రాసిన స్వరాలనే ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా ఇప్పుడు వాయిస్తున్నారు. ఈ నాలుగో వాక్యాన్ని పైన చెప్పిన ట్రాంబోన్ పెద్దాయన పక్కన పెట్టి చూడు. ఆయన పక్కన కూర్చున్న కుర్రాడి వయసెంతో, పెద్దాయన నవ్వినప్పుడు వాడేం చేశాడో నువ్వు చూశావా?

నీ వ్యాసం మొత్తంలో నేను అసూయపడ్డ వాక్యం మాత్రం వేరే. "నా చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, కానీ పక్కనావిడ వేలు వేరే చోట పడుతోంది" అన్నావు. ఆగకుండా వెంటనే పియానో దగ్గరికి వెళ్లిపోయావు, అయ్యో అనిపించింది. నాలుగు లెక్కల్లో నీ దెబ్బ ఒకటి మీద, మూడు మీద పడింది. ఆవిడది రెండు, నాలుగు మీద. డ్రమ్మర్ ఎడమకాలితో తొక్కే జంట తాళాలు, హై-హ్యాట్, మూసుకునేదీ అక్కడే. చిన్నప్పటి నుంచి కచేరీలు విన్న చెయ్యి మొదటి దెబ్బని వెతుక్కుంటుంది. ఆ చెయ్యి ఎప్పుడు తడబడింది, ఎప్పుడు ఆగింది, ఆగాక నీకు ఏం వినిపించింది? నాకు ఆ రెండు నిమిషాలు కావాలి. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన రచయిత ఎంత గొప్పవాడైనా అది రాయలేడు, నువ్వు రాయగలవు.

చివరి పేజీలో మాత్రం "ఇది అచ్చం మన మనోధర్మమే" అని, మన కచేరీల్లో అప్పటికప్పుడు అల్లి పాడేదాంతో కలిపి తేల్చేశావు. వద్దు. కల్పనస్వరం పాడే విద్వాంసుడి ముందు రాగం ఉంటుంది, ఈ సాక్సొఫోన్ మనిషి కాళ్ల కింద కార్డ్స్ అనే స్వరాల గుంపులు తరచూ మారిపోతుంటాయి. పోలిక ఉంది, కాదనను. అక్కడా శభాష్ అంటారు, ఇక్కడా పాట మధ్యలోనే చప్పట్లు కొడతారు. కానీ కొత్తగా విన్నదాన్ని వెంటనే తెలిసినదాంట్లో కలిపేసుకుంటే, నీ చెయ్యి తడబడిన ఆ క్షణానికి విలువ లేకుండా పోతుంది. తేడాతో ఇంకాస్త సేపు కూర్చో.

ఇంకో సోమవారం వెళ్లు. ఈసారి డ్రమ్స్‌కి దగ్గరగా కూర్చో, సోలో వాయించేవాణ్ణి కాసేపు వదిలేసి వాయించకుండా వింటున్నవాళ్లని చూడు. సంగీతం జరుగుతుండగా నోట్స్ రాసుకోకు, అయిపోయాక రాసుకో. ఒకటి అడగడం మర్చిపోయాను. నువ్వు రాసిందంతా ఎనిమిదింటి సెట్ గురించే, అంటే ఆ రాత్రి మొదటి విడత గురించే. పదింటి సెట్‌కి టికెట్ తీసుకున్నావా, లేదా? జనం పలచబడి, వాయించేవాళ్లు కాస్త సడలి, సోలోలు పొడుగయ్యేది సాధారణంగా అప్పుడే. తీసుకుని ఉంటే ఆ భాగం విడిగా రాసి ముందు అదే పంపు. మిగతా వ్యాసం తర్వాత చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య