బ్లడ్ గ్రూప్ కలిసినా నా కిడ్నీ పనికిరాదా?

ప్రశ్న: నా భార్య ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. ఇద్దరిదీ బి పాజిటివ్ కావడంతో నా కిడ్నీ ఇవ్వడానికి సిద్ధపడ్డాను. తీరా ఆమె రక్తాన్ని నా కణాలతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని, ఆమె రక్తంలో నా కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయని చెప్పి డాక్టర్లు ఆపేశారు. మాకు ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయి తాను ఇస్తానంటున్నాడు. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషికి నా కిడ్నీ ఎందుకు సరిపడలేదు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇందులో మీ లోపం గానీ, ఆమె లోపం గానీ ఏమీ లేదు. ఆ యాంటీబాడీలు బహుశా మీ పిల్లలను ఆమె కడుపున మోసిన రోజుల్లోనే తయారై ఉంటాయి.

బ్లడ్ గ్రూప్ కలవడం మొదటి మెట్టు మాత్రమే. మన శరీరంలో దాదాపు అన్ని కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్ గుర్తులుంటాయి. వాటిలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. గర్భంలో ఉన్నప్పుడూ, ముఖ్యంగా కాన్పు సమయంలోనూ బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. వాటి మీదున్న తండ్రి గుర్తులను పరాయివిగా భావించి, కొందరు తల్లుల్లో రోగనిరోధక వ్యవస్థ యాంటీబాడీలను తయారు చేస్తుంది. కాన్పులు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. రక్తం ఎక్కించినా, గతంలో అవయవ మార్పిడి జరిగినా ఇలాగే కావచ్చు. ఏళ్లు గడిచి యాంటీబాడీల మోతాదు తగ్గినా, వాటిని మళ్లీ తయారు చేయగల జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి.

అలాంటి శరీరంలో మీ కిడ్నీని అమర్చితే, ఆ యాంటీబాడీలు దాని రక్తనాళాల లోపలి పొరకు అతుక్కుని, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరుసను మేల్కొల్పుతాయి. పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టి, కిడ్నీ కొన్ని నిమిషాల్లో లేదా గంటల్లోనే చచ్చిపోవచ్చు. 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క ఇక్కడ చెప్పడం అవసరం: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్న 30 మార్పిడుల్లో 24 వెంటనే విఫలం కాగా, నెగటివ్‌గా ఉన్న 195లో విఫలమైనవి 8 మాత్రమే. అప్పటి నుంచే ఈ పరీక్ష తప్పనిసరి అయింది. కాబట్టి మీ డాక్టర్లు ఆపడం మీ కిడ్నీని, ఆమె ప్రాణాన్ని కాపాడడమే.

అయితే ఇతర కారణాల వల్ల కూడా క్రాస్‌మ్యాచ్ ఒక్కోసారి పాజిటివ్ రావచ్చు. అందుకని, మీ గుర్తుల్లో కచ్చితంగా దేనికి, ఎంత మోతాదులో యాంటీబాడీలున్నాయో చెప్పే సింగిల్ యాంటిజెన్ పరీక్ష జరిగిందో లేదో అడగండి.

మీ అబ్బాయి విషయంలో తొందరపడవద్దు. అతనిలో సగం గుర్తులు మీవే కాబట్టి, మిమ్మల్ని ఆపిన యాంటీబాడీలే అతన్నీ అడ్డుకోవచ్చు. ఆమె అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరైనా ముందుకొస్తే మొదట వారిని పరీక్షించడం మేలని నా అభిప్రాయం. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అది కుదరకపోతే, మీలాంటి మరో జంటతో దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతిని 1994 నాటి అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ అనుమతించింది. దానికోసం చూస్తూనే, మరణించిన దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకమైన జీవన్‌దాన్‌లోనూ పేరు నమోదు చేయించండి. ప్లాస్మా ఎక్స్ఛేంజ్, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లతో యాంటీబాడీలను తగ్గించి మార్పిడి చేసే మార్గమూ ఉంది కానీ, అది ఖర్చుతో కూడినది. ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ. తగ్గిన యాంటీబాడీలు తిరిగి పెరగవచ్చు. స్వాప్ దొరికే వీలుంటే నేను దానివైపే మొగ్గుతాను.

మార్పిడి విజయవంతమైన తర్వాత కూడా కొత్త యాంటీబాడీలు పుట్టవచ్చు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ వంటి మాత్రలు మధ్యమధ్యలో మానేసేవారిలో ఇది ఎక్కువ. పైకి ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి కిడ్నీ నెమ్మదిగా దెబ్బతింటుంది; రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేనాటికి, మూత్రంలో ప్రోటీన్ కనిపించేనాటికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈలోగా, రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సరిపోతాయేమో డాక్టరును అడిగి, అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించకుండా చూసుకోండి. ఎక్కించక తప్పకపోతే ఆ తేదీ రాసి ఉంచి, మార్పిడి బృందానికి తప్పకుండా చెప్పండి. కొన్ని వారాల తర్వాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయాల్సి ఉంటుంది.