భయపెట్టి నవ్వించే పుస్తకాలు

అమ్మడూ,

ఎదురింటి వాకిట్లో వేలాడదీసిన అస్థిపంజరాన్ని చూసి చిన్నది నీ చంక దిగట్లేదన్నావు. హాలోవీన్ (అక్టోబరు ఆఖర్న దయ్యాల వేషాలేసే పండగ) బొమ్మల పుస్తకాలు ఇప్పుడే చదివిస్తే ఇంకా హడలిపోతుందేమో అని నీ భయం. ఏం ఫరవాలేదు, చదివించు. కాకపోతే ఏ పుస్తకమైనా చివరి రెండు పేజీలు ముందు నువ్వు చూసుకో. అక్కడికొచ్చేసరికి భయం నవ్వులో తేలిందా, గాల్లో వదిలేశారా? అట్ట మీద కోరలున్నా నాకు అభ్యంతరం లేదు గానీ, ముగింపు తేలకపోతే మాత్రం పక్కన పెట్టేస్తాను.

మూడేళ్ళ పిల్లకైతే ఎడ్ ఎంబర్లీ రాసిన 'గో అవే, బిగ్ గ్రీన్ మాన్‌స్టర్!' చాలు. పేజీలకి కన్నాలుంటాయి. తిప్పుతుంటే పసుప్పచ్చ కళ్ళు, ముక్కు, ఎర్రటి నోరు ఒక్కొక్కటే వచ్చి పెద్ద భూతం తయారవుతుంది. సగం నుంచి 'పో' అంటూ ఒక్కొక్కటే మాయం చేస్తాం. చివర్లో 'మళ్ళీ రాకు, నేను చెప్పేదాకా' అని ఉంటుంది. పేజీ దాని చేతే తిప్పించు, భూతాన్ని పంపించేది అదే కావాలి.

నాలుగేళ్ళు దాటితే నా ఓటు లిండా విలియమ్స్ 1986లో రాసిన 'ద లిటిల్ ఓల్డ్ లేడీ హూ వాజ్ నాట్ అఫ్రెయిడ్ ఆఫ్ ఎనీథింగ్'కి. అడవిదారిలో ముసలమ్మ వెంట ముందు ఖాళీ బూట్లు పడతాయి, తర్వాత ప్యాంటు, చొక్కా, చేతి తొడుగులు, టోపీ, ఆఖరికి గుమ్మడికాయ తలకాయ. బూట్లకి కాళ్ళు టపటపా కొట్టడం, తొడుగులకి చప్పట్లు, టోపీకి తలూపడం చిన్నదానికి అప్పజెప్పు. ప్రతిసారీ మొదట్నుంచీ అన్నీ చెయ్యాలి కాబట్టి భయపడడానికి దానికి తీరికుండదు. తెల్లారేసరికి అవన్నీ కలిసి ముసలమ్మ తోటలో దిష్టిబొమ్మ అయిపోతాయి. మన కొత్త ఇళ్ళకి దిష్టి గుమ్మడికాయ కట్టడం చూసిన పిల్ల కదా, ఇట్టే పట్టేస్తుంది.

జూలియా డొనాల్డ్‌సన్ 'రూమ్ ఆన్ ద బ్రూమ్'లో మంత్రగత్తె మంచిదే, డ్రాగన్ వచ్చే పేజీలే కాస్త భయపెడతాయి. మొదటిసారి పగలు చదువు, గొంతు మరీ పెంచకు. క్యారెట్లు కుందేలు వెంటపడే 'క్రీపీ క్యారెట్స్!' వచ్చే ఏటికి ఉంచు. నలుపు తెలుపు బొమ్మల్లో నారింజ రంగొక్కటే మెరుస్తుంది. ముగింపులో క్యారెట్లదే గెలుపు, ఆ చమత్కారం అందడానికి కొంచెం వయసు రావాలి.

చదువుతుండగా 'వద్దు' అందా, పుస్తకం మూసెయ్. బతిమాలకు. రేపు అదే తెచ్చి ఒళ్ళో పెడుతుంది. ఇంకో మాట: 'అన్నం తినకపోతే ఆ గుమ్మడికాయ వస్తుంది' అని మీ ఆయన సరదాకి కూడా అనకూడదు. మన ఇళ్ళల్లో బూచాడితో అన్నం తినిపించింది చాలు!

అక్టోబరులో లైబ్రరీ అరల్లో ఈ పుస్తకాలు దొరకడం కష్టం. ఈ రాత్రే హోల్డ్ పెట్టు, అంటే మనకోసం తీసి ఉంచమని లైబ్రరీకి చెప్పు, ముసలమ్మది ముందు.

పిన్ని