సర్జరీ అయ్యాక సీప్యాప్ మానేయవచ్చా?

మీ నాన్నగారికి స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్ట సైజు తగ్గించే ఆపరేషన్) జరిగి నాలుగు నెలలైందని, 22 కిలోలు తగ్గారని, గురక పోయింది కాబట్టి సీప్యాప్ మిషన్ (నిద్రలో మాస్క్ ద్వారా ప్రెషర్‌తో గాలి పంపి గాలిదారి మూసుకుపోకుండా చూసేది) పక్కన పెట్టేస్తానంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే మాననివ్వకండి.

బరువు తగ్గితే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో పదేపదే ఊపిరి ఆగే జబ్బు, తగ్గుతుంది, అది నిజం. గొంతు చుట్టూ, నాలుకలో పేరుకున్న కొవ్వు కరిగి గాలిదారి వెడల్పవుతుంది. కానీ తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు. 2009లో పలు అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, గంటకు సగటున 55 సార్లు దాకా ఉన్న శ్వాస అంతరాయాలు బరువు తగ్గించే సర్జరీల తర్వాత సుమారు 16కి దిగాయి. చాలా మేలే! అయినా 15 దాటితే మధ్యస్థాయి జబ్బు కిందే లెక్క. వయసు పైబడినవాళ్లకు, కింది దవడ వెనక్కి ఉన్నవాళ్లకు కొంత మిగిలిపోవచ్చు.

గురక ఆగిందని నమ్ముకోకండి, చప్పుడు లేకుండా కూడా ఊపిరి ఆగుతుంది. బరువు నిలకడకు వచ్చాక మళ్లీ స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించి, ఆ రిపోర్టు చూసి డాక్టరు గారు చెబితేనే మానాలి.

ఈలోగా ఆయన విసుక్కుంటుంటే కారణం కనుక్కోండి. ముఖం సన్నబడి మాస్క్ వదులైపోయి గాలి లీకవుతుందేమో, పాత ప్రెషర్ ఇప్పుడు ఎక్కువవుతుందేమో. మాస్క్ సైజు మార్పించి, ప్రెషర్ సరిచేయించండి. చాలామంది మిషన్ వదిలేసేది ఇక్కడే. పగలు బండి నడుపుతూ కునుకు వస్తోందంటే మాత్రం ఆగకుండా వెంటనే చూపించండి.