పాఠకుల ప్రశ్నలు: ఫాసిజం, కమ్యూనిజం, టోటలిటేరియనిజం

ప్రశ్న: ఈ మూడింటినీ మూడు రకాల ప్రభుత్వాలుగా పక్కపక్కనే పట్టిక వేసి చూపిస్తుంటారు. ఎంత చదివినా ఒకదాంట్లో ఇంకొకటి కలిసిపోతోంది. తేడా ఎలా పట్టుకోవాలి?

జవాబు: తప్పు మీది కాదు, పట్టికది. ఫాసిజం, కమ్యూనిజం అనేవి సిద్ధాంతాలు. అధికారం చేతికొస్తే ఏం చేయాలో చెబుతాయి. టోటలిటేరియనిజం సిద్ధాంతం కాదు, జనం బతుకులోకి రాజ్యం ఎంత లోతుకు చొరబడిందో చెప్పే మాట. రెండు దారుల్లోనూ అక్కడికి చేరినవాళ్లున్నారు.

ఏ దేశాన్ని చూసినా ముందు ఆస్తి ఎవరి చేతిలో ఉందో అడగండి. సోవియట్ ప్రభుత్వం 1918లోనే పెద్ద పరిశ్రమల్ని జాతీయం చేసింది. 1929 చివరి నుంచి రైతుల భూముల్ని బలవంతంగా సామూహిక క్షేత్రాల్లో కలిపేసింది. నాజీ జర్మనీలో ఫ్యాక్టరీ యజమానిదే, యూదుల ఆస్తుల్ని మాత్రం లాగేసుకున్నారు. 1933 మే 2న కార్మిక సంఘాల కార్యాలయాల్ని ఆక్రమించారు. 1934 జనవరి చట్టం యజమానిని ‘సంస్థ నాయకుడు’ అనీ, కార్మికుల్ని ‘అనుచరులు’ అనీ పిలిచింది. నాజీ పార్టీ పేరులో సోషలిస్టు అని ఉన్నా లోపల జరిగింది ఇదీ. ఇక శత్రువు ఎవరంటే, కమ్యూనిస్టులకు వర్గం, నాజీలకు జాతి.

టోటలిటేరియనిజానికి అసలు కొలత వేరే ఉంది: నాయకుణ్ని దించగల శక్తి ఇంకేదైనా మిగిలిందా? ఇటలీ ఫాసిస్టు నియంత ముస్సోలినీ ‘అంతా రాజ్యంలోనే’ అని గొప్పలు చెప్పుకున్నాడు. 1931లో విశ్వవిద్యాలయాల ఆచార్యుల చేత విధేయతా ప్రమాణం చేయించాడు. సుమారు 1,200 మందిలో కాదన్నవాళ్లు డజనుకు అటూ ఇటూ. అయినా రాజు ఉన్నాడు, పోపు ఉన్నాడు. 1943 జులైలో సొంత పార్టీ అత్యున్నత సభ, ఫాసిస్టు మహామండలే ఎదురు తిరిగింది, రాజు అతణ్ని తప్పించి అరెస్టు చేయించాడు. జర్మనీలో 1934 ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ చనిపోగానే అధ్యక్షుడి అధికారాలూ హిట్లర్‌కే దక్కాయి. ఆ తర్వాత దించేవాడు లేడు. గొప్పలు చెప్పుకున్న ఇటలీ కంటే జర్మనీకీ, స్టాలిన్ రష్యాకీ టోటలిటేరియనిజం అనే మాట బాగా సరిపోతుంది.

ప్రశ్న: చట్టసభ ఉండగా నియంతృత్వం ఎలా వస్తుంది?

జవాబు: చట్టసభ ఓటుతోనే. జర్మనీలో 1933 ఫిబ్రవరి 28న, పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, అత్యవసర ఆదేశంతో పౌర హక్కుల్ని నిలిపేశారు. మార్చి 23న, ప్రభుత్వమే నేరుగా చట్టాలు చేసుకోవచ్చనే బిల్లు సభకొచ్చింది. దానికి మూడింట రెండొంతుల మద్దతు కావాలి. 81 మంది కమ్యూనిస్టు సభ్యుల్ని సభలో అడుగు పెట్టనివ్వలేదు. 444 మంది అవునన్నారు, 94 మంది సోషల్ డెమోక్రాట్లు కాదన్నారు. జులై 14కల్లా కొత్త పార్టీ పెట్టడమే నేరమైంది.

సోవియట్ తంతు ఇంకోలా ఉంటుంది. 1936 రాజ్యాంగంలో వాక్, పత్రికా స్వాతంత్ర్యాలున్నాయి. అదే రాజ్యాంగం 126వ అధికరణలో కమ్యూనిస్టు పార్టీయే అన్ని సంస్థలకూ కేంద్రం అని రాసుకున్నారు. ఆ మరుసటి ఏడాది నుంచే, 1937-38లో, దాదాపు 6.8 లక్షల మందిని కాల్చి చంపారని సోవియట్ రికార్డులే చెబుతున్నాయి. పల్లెల మీద రాజ్యానికి ఎంత పట్టుందో ఒక్క కాగితంలోనే కనిపించేది: 1932 డిసెంబరులో దేశంలోపల తిరగడానికి పాస్‌పోర్టు పెట్టారు, సామూహిక క్షేత్రాల రైతుల్లో చాలామందికి అది ఇవ్వలేదు. లేకుండా పట్నంలో స్థిరపడటం కుదరదు. 1974లో గానీ ఆ నిబంధన మారలేదు.

ప్రశ్న: అయితే కమ్యూనిస్టులు ఎక్కడున్నా ఇదే గతా?

జవాబు: కాదు. ఏకపార్టీ పాలన ఉన్నచోటా, ఎన్నికల్లో పోటీ పడ్డ చోటా కథలు వేరు. ఇటలీలో యుద్ధం తర్వాత రాజ్యాంగ సభ అధ్యక్షుడిగా కొత్త రాజ్యాంగంపై సంతకం పెట్టిన ఉంబెర్తో తెర్రాచిని కమ్యూనిస్టే. 1926 నుంచి 1943 దాకా జైల్లోనూ ద్వీపంలోనూ మగ్గినవాడు. నిర్బంధంలో ఉండగానే, హిట్లర్‌తో స్టాలిన్ చేసుకున్న 1939 ఒప్పందాన్ని తప్పుపట్టినందుకు సొంత పార్టీ అతణ్ని బహిష్కరించింది, తర్వాత తిరిగి చేర్చుకుంది. 1948 ఎన్నికల్లో ఆ పార్టీ ఓడిపోయి ప్రతిపక్షంలో కూర్చుంది.