రెండు పెగ్గులే కదా, నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి పోవచ్చా?

పెళ్లిలో రెండు పెగ్గులు వేసుకున్నాక "ఎక్కినట్టు అనిపించకపోతే" పది కిలోమీటర్లు బండి మీద ఇంటికి పోవచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు తమ్ముడూ. ఆ "ఎక్కినట్టు అనిపించలేదు" అనుకునే నేనూ ఒకసారి బండెక్కాను.

మాది సిరొంచ దగ్గర ఒక ఊరు. మహారాష్ట్రే గానీ ఇంట్లో, బజార్లో మాట్లాడేది తెలుగే. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దానర్థం మావాళ్లు తాగరని కాదు, గోదావరి దాటి తెలంగాణలో తాగుతారని. ముందు పడవ మీద పోయేవాళ్లు, 2016లో కాళేశ్వరం వంతెన తెరిచాక బండ్ల మీద పోతున్నారు. వంతెన వల్ల ఎంతో మంచి జరిగింది, కాదనను. కానీ పడవ రోజుల్లో తాగినవాడు పడితే పడవలోనే పడేవాడు, నడిపేవాడు వేరే ఉండేవాడు.

ఇంకో చిక్కుంది. సీసా ఇటువైపు తెస్తే కేసు, కాబట్టి కొన్నదంతా అక్కడే గబగబా లాగించి వెంటనే బయల్దేరతారు. తాగింది రక్తంలోకి పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంట పడుతుంది, కడుపు నిండా తిని ఉంటే ఇంకా ఎక్కువే. అంటే బండి స్టార్ట్ చేసినప్పుడు మనం బాగానే ఉంటాం, అసలు మత్తు దారిలో వస్తుంది.

నాకు అదే అయింది. వడ్ల కాలం, నేనూ మా బామ్మర్దీ అటువైపు బెల్టు షాపులో తలా ఒక క్వార్టర్ తాగాం. వాడు "బావా, నడపగలవా?" అంటే ఒంటి కాలి మీద నిలబడి చూపించాను, ఇద్దరం నవ్వుకున్నాం కూడా. వంతెన దాటి, సిరొంచ దాటి మా ఊరి రోడ్డెక్కేసరికి కళ్ల ముందు రోడ్డు ఉందిగానీ దాని మీద ఏముందో బుర్రకు ఎక్కట్లేదు. సగం రోడ్డు మీద వడ్లు కుప్ప చేసి, నల్ల కవరు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పేర్చారు. ఆ రాళ్లను పొద్దున పోయేటప్పుడు తిట్టుకుంటూ తప్పించుకుని పోయింది నేనే. 60 స్పీడంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు, బ్రేకు అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు పోయినట్టే. నేను అసలు బ్రేకు వేశానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

బామ్మర్ది కాలు విరిగింది, అది అందరికీ కనబడింది. తలకు తగిలిన దెబ్బ కనబడలేదు. ట్రాక్టర్ మీద వచ్చినవాళ్లు వాసన చూసి "మత్తు దిగితే లేస్తాడులే" అని పక్కకు పడుకోబెట్టారు, నేనూ అదే అనుకున్నాను. వాంతి చేసుకుంటే మందు పడలేదనుకున్నాం. అలా దాదాపు గంట పోయింది. తాగి పడినవాడూ, తలలో రక్తం కారుతున్నవాడూ పైకి ఒకేలా ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. దవాఖానలో కూడా కేసు భయంతో తాగలేదనే చెప్పాను. నర్సమ్మ నా మొహం చూసి, "వాసన నాకూ వస్తోంది, ఎంత తాగాడో చెప్పు, ఇంజెక్షన్ ఇవ్వాలంటే అది తెలియాలి" అంది. అప్పుడు చెప్పాను.

వాడు బతికాడు. కాలులో రాడ్డు ఉంది. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, "నువ్వు బాగున్నావు కదా అల్లుడా" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

చట్టం సంగతికొస్తే, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అరవై కిలోల మనిషి రెండు చిన్న పెగ్గులు, అంటే 60 మిల్లీలీటర్ల విస్కీ, తాగినా అది దాటిపోవచ్చు. దిగేది గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే, అందులో నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం చేసేదేమీ లేదు. రాత్రి పదకొండుకు క్వార్టర్ పూర్తి చేసినవాడు పొద్దున ఆరింటికి లేచి బండి తీసినా ఇంకా లిమిట్ పైనే ఉండొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. తాగి గుద్దితే మన బండి రిపేరుకు ఇన్సూరెన్స్ రాదు. ఎదుటివాడికి కంపెనీ కట్టినా ఆ డబ్బు తర్వాత మన దగ్గరే వసూలు చేసే అవకాశం ఉంది.

నేను మానేశానని గొప్పలు చెప్పను, ఏడాదికి రెండు మూడుసార్లు ఇప్పటికీ కాళేశ్వరం పోతాను. కాకపోతే సాయంత్రమే బండి తాళం మా పెద్దమ్మ చేతికిచ్చి చాప అడుగుతాను. తిడుతూనే ఇస్తుంది. తాళం మాత్రం మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాకే.