‘నన్ను బలపరచువానియందే’ అన్న ముక్కను నేను దాటేసిన ఎనిమిది నెలలు

సొంత బలం మీద కాదు, దేవుని బలం మీద ఆధారపడాలని అందరూ చెబుతారు గానీ, పొద్దున లేచాక దానికోసం అసలు ఏం చేయాలి, మన ప్రయత్నం మానేయాలా అని, అలసిపోయానంటూ మీరు అడిగారు. నేను దీన్ని చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తప్పే చెబుతాను.

అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఒక్కదాన్నే చూసుకునేదాన్ని. పక్క మార్చడం, స్నానం, మందులు, మధ్యలో ఉద్యోగం, ఆదివారం సండే స్కూల్. సంఘంలో అక్కలు "రాత్రికి మేం వచ్చి పడుకుంటాం" అంటే, "వద్దక్కా, దేవుడు బలమిస్తున్నాడు" అనేదాన్ని. వాళ్లు దాన్ని విశ్వాసం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (బైబిల్లో ఫిలిప్పీ 4:13) అని అద్దానికి అతికించుకున్నాను కూడా. నిజం చెప్పాలంటే అందులో నా కళ్లు చదివింది "నేను సమస్తమును చేయగలను" అన్నంత వరకే.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి అమ్మ మూడోసారి పిలిస్తే గట్టిగా అరిచేశాను. ఆమె ఏమీ అనలేదు. జారిపోయిన దుప్పటిని ఒక్క చేత్తో తనే లాక్కోబోయింది. అది చూడలేక వంటింట్లోకి వెళ్లి నేలమీద కూలబడ్డాను. "ప్రభువా, నా వల్ల కావడం లేదు" అన్నాను. అన్ని నెలల్లో ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. రోజూ ప్రార్థన చేసేదాన్నే, కానీ అన్నీ "ఇంకాస్త ఓపిక ఇవ్వు" అనే రకం. బండి నేనే లాగుతాను, నువ్వు వెనకనుంచి కాస్త తొయ్యి అన్నట్టు.

ఆ రాత్రి ఒంట్లోకి కొత్త శక్తేమీ రాలేదు (సాక్ష్యాల్లో అలా చెబుతుంటారు, నాకైతే జరగలేదు). తెల్లారాక ఒక అక్కకు "ఈ రాత్రి రాగలరా?" అని మెసేజ్ పెట్టాను. అంతే.

తర్వాతెప్పుడో ఆ ఫిలిప్పీ పత్రిక మళ్లీ చదువుతుంటే పక్క వచనం కనబడింది. బంధకాల్లో (అంటే ఖైదులో) ఉండి అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం అది. సమస్తమును చేయగలను అన్న మనిషి వెంటనే 14వ వచనంలో "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని" అంటాడు. ఫిలిప్పీ వాళ్లు ఎపఫ్రొదితు అనే అతని చేతికిచ్చి పంపినవి అందాయని కూడా రాస్తాడు. నేను వద్దన్న సాయాన్ని ఆయన సంతోషంగా తీసుకున్నాడు!

ఏలీయా ప్రవక్త సంగతీ అంతే. చచ్చిపోతే బాగుండని చెట్టు కింద పడుకున్న మనిషిని దేవదూత ఏమీ మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించిందని చెప్పి మరీ (1 రాజులు 19). ఆ తిండి బలంతోనే 40 రోజులు నడిచాడు.

ఇక ప్రయత్నం మానేయడం గురించి. బైబిల్లో గిద్యోను అనే ఇశ్రాయేలు నాయకుడు యుద్ధానికి వెళ్తుంటే, అతని దగ్గరున్న 32,000 మందిని దేవుడు 300కు తగ్గించాడు. గెలిచాక మా బాహుబలమే అనుకోకూడదని. కానీ ఆ 300 మందీ గుడారాల్లో పడుకోలేదు కదా, బూరలు, కుండలు, దివిటీలు పట్టుకుని వెళ్లారు. నేనూ అమ్మ పని ఏదీ మానలేదు.

ఇప్పుడు వారానికి రెండు రాత్రులు అక్కలు వస్తారు. సండే స్కూల్ కొన్నాళ్లు వేరేవాళ్లకు అప్పగించాను, ఎందుకోగానీ అన్నిటికంటే అదే కష్టమనిపించింది. విసుగు ఇంకా వస్తుంది, నిన్న కూడా వచ్చింది. వెంటనే అమ్మకు సారీ చెప్పాను, అరవకముందే ఆగేంత దూరం ఇంకా రాలేదు.

మీరు దేనివల్ల అలసిపోయారో రాయలేదు. ఈమధ్య ఎవరైనా సాయం చేస్తామంటే వద్దన్నారా? అలాంటివాళ్లుంటే ఈ రోజే ఒకసారి ఫోన్ చేసి చూడండి.