పేరు లేకుండా పంపిన కన్ఫెషన్ మీద గొడవ జరుగుతుంటే, అది రాసింది నేనేనని చెప్పాలా?

ఇష్టమైన సిరీస్ గురించి మనసులో మాట ఫ్యాన్ గ్రూపు అడ్మిన్‌కి పేరు లేకుండా పంపారు, ఆ పోస్ట్ కింద ఫ్యాన్స్ లేనిపోని అర్థాలు తీసి కొట్టుకుంటున్నారు, వెళ్లి "అది నేనే, నా ఉద్దేశం అది కాదు" అని చెప్పాలా అని అడిగారు. చెప్పొద్దు. రెండేళ్లకు పైగా ఒక ఫ్యాన్ గ్రూపులో ఇలాంటివి చదివి పోస్ట్ చేసే పని నాదే, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

ఒక రాత్రి వచ్చిన మెసేజ్ నాకిప్పటికీ గుర్తుంది. "అన్నయ్యతో కలిసి చూసేదాన్ని. అన్నయ్య పోయాక ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేకపోయాను. ఇక్కడ మాత్రం అన్నీ చూసినట్టే మాట్లాడుతున్నాను." పోస్ట్ చేశాను. మొదట్లో అందరూ ఓదార్చారు. తర్వాత ఎవరో "అంటే చూడకుండానే కొత్త సీజన్‌ని తిట్టారన్నమాట" అన్నారు, అంతే, ఆ అమ్మాయి బాధ పక్కకి పోయి అసలైన ఫ్యాన్ అంటే ఎవరు అన్నదాని మీద తెల్లారేదాకా వాదించుకున్నారు. పొద్దున ఇంకో మెసేజ్: "అది తీసేయగలరా?" తీసేశాను, కానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరుగుతున్నాయి. అలాంటి మాట కింద కామెంట్లు తెరిచి ఉంచింది నేను. తప్పు నాది.

ముఖం కనపడనప్పుడు మనుషులు ఆన్‌లైన్‌లో ఎందుకంత తెగించి మాట్లాడతారో జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో ఒక వ్యాసం రాశారు. ఆ తెగింపు వల్లే కొందరు దాచుకున్నది బయటపెడతారు, దయగా కూడా ఉంటారు, దాని వల్లే ఇంకొందరు నోటికొచ్చినట్టు తిడతారు అంటారాయన. మా గ్రూపులో ఈ రెండూ ఒకే పోస్టులో, పైనొకటి కిందొకటి, రోజూ చూసేదాన్ని.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. "ఆ జంట నాకు నచ్చలేదు", "ముగింపు చెత్తగా ఉంది" లాంటివాటికి కామెంట్లు ఉంటాయి, ఎంతైనా వాదించుకోవచ్చు, అందులో సరదా ఉంది, కొన్నిసార్లు నేనూ అభిప్రాయం మార్చుకున్నాను. సొంత జీవితం కలిసిన మాటలకి మాత్రం కామెంట్లు మూసేస్తాను. ఏది కావాలో పంపేవాళ్లనే ముందు చెప్పమంటాను.

మీ సంగతికొస్తే, అక్కడికి వేరే పేరుతో వెళ్లి మిమ్మల్ని మీరే వెనకేసుకురావడం కూడా వద్దు. వాక్యం చివర మూడు చుక్కలు పెట్టే అలవాటు వల్ల మా గ్రూపులో ఒకరు గంటలో దొరికిపోయారు, ఆ తర్వాత ఇక ఆ గ్రూపులో కనిపించలేదు. అడ్మిన్‌కే ఇంకో మెసేజ్ పేరు లేకుండా పంపండి: ఒక్క వాక్యంలో వివరణ పెట్టమనండి, లేదా కామెంట్లు మూసేయమనండి. అదీ చాలదనిపిస్తే తీసేయమనండి, కారణం చెప్పక్కర్లేదు. ఈలోగా నోటిఫికేషన్లు ఆపేసి పడుకోండి, ఆ కామెంట్లు రాత్రంతా చదువుతూ కూర్చోవద్దు.